గొంతు సమస్యకు ప్రశ్నాపత్రం: డెట్రాయిట్‌లో పుట్టిన స్కోరు వరంగల్‌లో ఏం చెబుతుంది?

గొంతు బొంగురుపోయి నెల దాటినా తగ్గకపోతే, వరంగల్‌లోనైనా కరీంనగర్‌లోనైనా ఈఎన్‌టీ డాక్టరు సన్నని కెమెరా పెట్టి స్వరపేటికను చూస్తారు. అంతవరకు అందరికీ అర్థమయ్యే సంగతే. కొన్నిచోట్ల ఆ తర్వాత ఒక కాగితం కూడా చేతికిస్తారు. గొంతు వల్ల నా మాట ఎదుటివాళ్లకు సరిగా వినిపించదు, మాట్లాడాలంటే బలం పెట్టాల్సి వస్తుంది, గొంతు వల్ల ఆదాయం తగ్గింది... ఇలాంటి వాక్యాలు, పక్కన 0 నుంచి 4 దాకా అంకెలు. "కెమెరాల అంతా కనబడ్డంక మళ్ల ఈ ప్రశ్నలెందుకు సార్?" అని అడిగేవాళ్లు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. దాని వెనకాలే ఇంకొకటి ఉంది. ఆ వాక్యాలు మొదట ఇంగ్లిషులో, అమెరికా రోగుల కోసం రాసినవి. వాటిని తెలుగు చేసి పరకాల రైతుకో జగిత్యాల బీడీ కార్మికురాలికో ఇస్తే వచ్చే అంకె కూడా ఆ అమెరికా అంకె చెప్పినదే చెబుతుందా?

కెమెరాకు కనిపించనిది

స్వరతంత్రుల మీద ఒకే సైజు గడ్డలున్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు హనుమకొండలో ప్రైవేటు స్కూలు టీచరు, ఇంకొకరు రోజంతా కుట్టు మిషను మీద కూర్చునే టైలరు. కెమెరాలో ఇద్దరి గొంతూ ఒకేలా కనిపించవచ్చు. టీచరుకు మాత్రం అది ఉద్యోగానికి వచ్చిన ముప్పు. ఈ తేడాను రోగే చెప్పాలి. రోగి మాటను లెక్కలోకి తేవడానికి పుట్టినవే ఈ ప్రశ్నాపత్రాలు.

వీటిలో బాగా వాడుకలో ఉన్నది 'వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్', పొట్టిగా వీహెచ్‌ఐ. అమెరికాలోని డెట్రాయిట్‌లో తయారై 1997లో ప్రచురితమైంది. అందులో 30 వాక్యాలు: పది రోజువారీ పనుల గురించి, పది గొంతులో తెలిసే ఇబ్బంది గురించి, పది మనసు పడే బాధ గురించి. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 120. స్కోరు పెరిగితే ఇబ్బంది ఎక్కువని అర్థం. 2004లో దీన్ని పది వాక్యాలకు కుదించారు, దాని మొత్తం 40. స్కోరు 11 దాటితే మామూలు గొంతు కాదన్నట్టు చూడాలని 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం సూచించింది. రద్దీ ఓపీల్లో ఈ చిన్న రూపానికే ఆదరణ.

1999లో వచ్చిన ఇంకో పది ప్రశ్నల పత్రంలో లెక్క తలకిందులు. అక్కడ స్కోరు ఎక్కువైతే జీవితం బాగున్నట్టు. ఒక ఆస్పత్రి రిపోర్టును ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు ఏ పత్రం నింపారో కూడా గుర్తుపెట్టుకోవాల్సింది ఇందుకే.

'హ్యాండిక్యాప్' అనగానే సదరం గుర్తొస్తే

చిక్కు పేరుతోనే మొదలవుతుంది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సమస్యలను మూడు పొరలుగా చూసింది: అవయవంలో లోపం, దానివల్ల చేయలేకపోయే పని, దానివల్ల సమాజంలో కలిగే నష్టం. మూడో పొరకు పెట్టిన పేరే హ్యాండిక్యాప్. వీహెచ్‌ఐ ఆ అర్థంలోనే ఆ మాటను తీసుకుంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థే ఈ చట్రాన్ని మార్చి, ఆ మాటను పక్కనపెట్టి, 'చేసే పనులు, పాల్గొనడం' అనే భాషకు వచ్చింది. ప్రశ్నాపత్రం పేరు, అందులోని ఒక వాక్యం మాత్రం అలాగే మిగిలిపోయాయి.

నా గొంతు నన్ను హ్యాండిక్యాప్డ్‌గా అనిపించేలా చేస్తోంది అనే ఆ వాక్యాన్ని తెలుగు చేయండి. 'వికలాంగుణ్ణి' అని రాసినా 'దివ్యాంగుణ్ణి' అని రాసినా, ఉత్తర తెలంగాణ పల్లెలో వినేవాళ్ల మనసు పోయేది సదరం క్యాంపు మీదికి, సర్టిఫికెట్ మీదికి, పింఛను మీదికి. ఒకరు "అయ్యో, నాకు అంత రాలేదు" అని సున్నా పెట్టిస్తారు. ఇంకొకరు దీంతో ఏమన్నా ఆసరా దొరుకుతుందేమో అనుకుని నాలుగు చెబుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాషకు సంబంధించిన వైకల్యం ఉన్నది నిజమే. అయితే అది స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం లాంటి కారణాలతో శాశ్వతంగా మిగిలిన వైకల్యం. సాధారణ బొంగురుగొంతు దాని కిందికి రాదు. అలా ఒక భావాన్ని అడిగిన వాక్యం కాస్తా అర్హతను అడిగినట్టు వినిపిస్తుంది. పది వాక్యాల పత్రంలోనూ ఈ వాక్యం ఉంది కాబట్టి తప్పించుకునే దారి లేదు.

గొంతు అంటే ఏ గొంతు

దీనికంటే లోతైన ఇబ్బంది వెతక్కుండానే ఎదురవుతుంది. ఇంగ్లిషు ప్రశ్నలన్నీ బయటికి వినిపించే ధ్వని గురించి. మన దగ్గర 'గొంతు' అంటే ఆ ధ్వనీ అదే, మింగేటప్పుడు నొప్పెట్టే చోటూ అదే. "మీ గొంతు ఇబ్బంది పెడుతోందా?" అంటే జలుబు చేసినవాళ్లు, పుల్లటి తేన్పులతో గొంతు మండేవాళ్లు, థైరాయిడ్ వాపున్నవాళ్లు అందరూ అవునంటారు. 'స్వరం' అని రాస్తే పాట పాడేవాళ్ల వ్యవహారంలా ఉంటుంది. 'మాట' అని రాస్తే పక్షవాతం గుర్తొస్తుంది, మాట పడిపోవడం అనేది దానికి వాడేదే కదా.

నా ఉద్దేశంలో ఒకే మాటను పది వాక్యాల్లో మొండిగా వాడకుండా, పత్రం మొదట్లోనే ఒక వివరణ పెట్టడం మేలు: "ఇవి గొంతు నొప్పి గురించి కావు. మీరు మాట్లాడితే వచ్చే చప్పుడు మారిందా, తగ్గిందా, దానివల్ల ఏమైంది అన్నదాని గురించి." రెండు వాక్యాలతో పోయే చిక్కును పదకోశంలో వెతుక్కోవడం దండగ.

మనసుకు సంబంధించిన వాక్యాల్లోనూ ఇలాంటి జారుడు ఉంటుంది. పెద్ద పత్రంలో 'మళ్లీ చెప్పమంటే చిరాకు', 'మళ్లీ చెప్పమంటే నామోషీ' విడివిడిగా ఉంటాయి. రెండోదాన్ని 'సిగ్గు' అని రాస్తే కొందరికి అది అణకువలా, మంచి గుణంలా వినిపిస్తుంది. "నలుగుట్ల ఇజ్జత్ పోయినట్టైతది" అంటే వరంగల్ జిల్లాలో ఎవరికీ సందేహం ఉండదు. అదే మాట విజయనగరంలో అంత సూటిగా తగలదు. తెలుగు రూపం ఒకటి చాలు అనేవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.

అప్పుడప్పుడు, ఎప్పుడూ, ఎప్పుడూ లేదు

జవాబుల మెట్లు ఐదు. అస్సలు లేదు, చాలా అరుదుగా, అప్పుడప్పుడు, చాలాసార్లు, ఎప్పుడూ. కాగితం మీద చక్కగా కనిపిస్తాయి. చదివి వినిపించేటప్పుడు కొస మెట్టు జారుతుంది. తెలుగులో 'ఎప్పుడూ' ఒక్కటే నిలబడదు, వెనక వచ్చే క్రియను బట్టి తిరగబడుతుంది. ఎప్పుడూ ఉంటుంది అంటే 4, ఎప్పుడూ లేదు అంటే 0. రోగి "ఎప్పుడూ..." అని ఆగిపోతే, నింపేవాళ్లు తొందరలో ఉంటే, ఒక చివరి జవాబు ఇంకో చివరన పడుతుంది. పైకి 'రోజూ ఉంటుంది' అని, కిందికి 'అస్సలు లేదు' అని పెడితే చాలావరకు సర్దుకుంటుంది. కానీ 'రోజూ' అనగానే అది దినాల లెక్కగా మారుతుంది, మూలంలో ఉన్నది లెక్క కాదు, అంచనా. చిన్న మార్పే, అయినా నమోదు చేయాల్సిన మార్పు.

మధ్యనున్న 'అప్పుడప్పుడు'కు వేరే జబ్బు ఉంది. డాక్టరు ముందు గట్టిగా చెప్పడానికి మొహమాటపడేవాళ్లందరికీ అదే ఆశ్రయం. అందరూ అక్కడే కూర్చుంటే స్కోర్లన్నీ మధ్యలో ముద్దగా పేరుకుని, తీవ్రమైన సమస్యకూ తేలికైన సమస్యకూ తేడా చెరిగిపోతుంది.

ఒకే గడ్డలు, రెండు స్కోర్లు

కిందివి లెక్క అర్థం కావడానికి నేను ఊహించిన అంకెలు, ఎవరి రికార్డులూ కావు. పది వాక్యాల పత్రమే. వరసగా: మాట వినిపించకపోవడం, చప్పుడున్న చోట అర్థం కాకపోవడం, సొంత, సామాజిక జీవితం కుంచించుకుపోవడం, ముచ్చట్లలో వెనకబడ్డట్టు అనిపించడం, ఆదాయం తగ్గడం, బలం పెట్టాల్సి రావడం, గొంతు ఎప్పుడు ఎలా పలుకుతుందో తెలియకపోవడం, బాధ, హ్యాండిక్యాప్ అనిపించడం, "గొంతుకేమైంది?" అని జనం అడగడం.

హనుమకొండ ప్రైవేటు టీచరు జవాబులు: 2, 3, 2, 1, 3, 3, 2, 3, 1, 3. మొత్తం 23. సమస్య స్పష్టం. టీచర్ల గొంతులు ఎక్కువగా దెబ్బతింటాయన్నది తెలిసిన సంగతే. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన సర్వేలో (2004) జీవితంలో ఎప్పుడో ఒకసారి గొంతు సమస్య వచ్చినవాళ్లు టీచర్లలో 57.7 శాతం, ఇతరుల్లో 28.8 శాతం.

జగిత్యాల వైపు ఇంట్లోనే బీడీలు చుట్టే ఒకామెకు కూడా అవే గడ్డలు అనుకోండి. జవాబులు: 1, 2, 0, 1, 0, 3, 2, 1, 0, 1. మొత్తం 11. మామూలు గొంతుకు హద్దుగా చెప్పిన 11 గీత దాటలేదు. ఐదో వాక్యం దగ్గర ఆమె సున్నా చెప్పింది, అది నిజమే. బీడీకి కూలీ వేళ్ల వేగాన్ని బట్టి వస్తుంది, గొంతును బట్టి కాదు. గొంతు వల్ల పిల్లల్ని కేకేయలేకపోతోంది, మహిళా సంఘం మీటింగులో లేచి మాట్లాడటం మానేసింది, వేరే ఊళ్లో ఉన్న తల్లికి ఫోన్లో ఆమె మాట వినపడటం లేదు. వీటిలో కొన్ని మూడో వాక్యం కిందికి రావాల్సినవే. కానీ 'సామాజిక జీవితం' అనే పుస్తక మాట వినగానే అది తనకు సంబంధించినది కాదనుకుంది. 'ఆదాయం' తీసేసి 'మీరు రోజూ చేసే పని, బాధ్యత' అని అడిగి ఉంటే అక్కడ 3 చెప్పేదనుకుందాం. మొత్తం 14 అవుతుంది, గీత దాటుతుంది.

ఇప్పుడు ఆ 14ను ఏం చేయాలి? 11 అనే గీత మార్చని ప్రశ్నలతో వచ్చింది. ప్రశ్న మార్చాక పాత గీత చెల్లదు. పైగా ఆ గీత అమెరికా జనం మీద గీసింది. ఇక్కడ గొంతు బాగున్నవాళ్లకు ఈ పత్రం ఇస్తే సగటున ఎంత వస్తుందో చూడకుండా 11నే వాడటమంటే, వేరే బజారులో సరిచేసిన కాంటా మీద వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి తూచడమే.

ఒకే తీవ్రత ఉన్న ఇద్దరు వేర్వేరు వర్గాలకు చెందినవాళ్లు కావడం వల్ల ఒక ప్రశ్నకు వేర్వేరుగా జవాబిస్తుంటే, ఆ ప్రశ్న వర్గాన్ని బట్టి వేరుగా పనిచేస్తోంది అంటారు. దీన్ని పట్టుకునే గణాంక పద్ధతులు ఉన్నాయి. వాటికి వందల్లో జవాబులు కావాలి. ఒక ఆస్పత్రి గొంతు క్లినిక్‌లో అన్ని పోగవ్వడానికి ఏళ్లు పట్టవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. ఒగ్గు కళాకారులకు కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరల కాలం సంక్రాంతి నుంచి ఉగాది దాకా. రాత్రంతా డోలు చప్పుడు మీదుగా హెచ్చు స్థాయిలో కథ చెప్పాలి, సంపాదన కూడా అప్పుడే. గత రెండు వారాల్లో ఎలా ఉంది అని అడిగే పత్రాలు ఉన్నాయి. వానాకాలంలో అడిగితే అలాంటి కళాకారుడికి ఏ ఇబ్బందీ లేనట్టు తేలుతుంది. గరుకుగా, ఎండినట్టు ఉండే గొంతును వీహెచ్‌ఐ లోపంగా లెక్కిస్తుంది. ఒగ్గు కథలో గరుకుదనం చాలామందికి ఇష్టమైన గుణం. పై స్థాయి అందకపోవడం ఆ కళాకారుడికి అసలు దెబ్బ. గాయకుల కోసం 36 వాక్యాల ప్రత్యేక పత్రం 2007లో వచ్చింది. అదీ అమెరికా గాయకులతో తయారైనదే.

తర్జుమాను ఎలా సరిచూస్తారు

దీనికో ఒప్పుకున్న దారి ఉంది. 2000లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, రెంటినీ కలిపి ఒకటి చేయాలి, మూలం చూడని వేరేవాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లిషు చేయాలి, నిపుణుల కమిటీ తేడాలు తేల్చాలి, చివరికి 30 నుంచి 40 మంది రోగులకిచ్చి "ఇది మీకేం అర్థమైంది?" అని అడగాలి. మూలకర్తల అనుమతి ముందే ఉండాలి.

తిరుగు తర్జుమా మీద మనవాళ్లకు మితిమీరిన నమ్మకం ఉంది. 'నా సామాజిక జీవితాన్ని పరిమితం చేస్తోంది' అనే వాక్యం ఇంగ్లిషులోకి అచ్చంగా తిరిగి వెళ్తుంది. ఎందుకంటే అది ఇంగ్లిషు ఎముకల మీద తెలుగు తోలు కప్పిన వాక్యం. "గొంతు బాగాలేక నలుగుర్ల కలువలేకపోతున్న" అనే మంచి వాక్యం తిరిగి వెళ్లేటప్పుడు కాస్త అటూ ఇటూ అవుతుంది, కమిటీ దాన్నే తప్పుపట్టే ప్రమాదం ఉంది. అందుకే ఆ చివరి మెట్టు, రోగుల్ని కూర్చోబెట్టి అడగడం, అన్నిటికంటే విలువైనది. హడావుడిలో ముందు కోసేదీ దాన్నే.

ఆ తర్వాత గణాంకాలు. వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి పొంతనగా ఉన్నాయా అని చూసే ఆల్ఫా అనే కొలత ఒకటుంది. 0.7 దాటితే సరే అంటారు. మూల వీహెచ్‌ఐలో అది 0.95. తర్జుమాల్లోనూ ఇది ఎక్కువగానే వస్తుంది, రాగానే పత్రం 'నిరూపితం' అయిపోయినట్టు మాట్లాడతారు. పొంతన ఉండటం వేరు, సరైనదాన్ని కొలవడం వేరు. పది వాక్యాల్లోనూ జనం 'గొంతు' అంటే నొప్పి అనే అర్థం చేసుకున్నా, జవాబులు ఒకదానితో ఒకటి బ్రహ్మాండంగా పొసుగుతాయి. ఆల్ఫా ఆ తప్పును చూపించదు.

కొన్నాళ్లు ఆగి మళ్లీ అడిగితే అదే స్కోరు వస్తుందా అన్నది ఇంకో పరీక్ష. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చినవాళ్లను రెండు వారాల్లో మళ్లీ రప్పించడం ఛార్జీల లెక్క. వాళ్లొచ్చేలోపు మిర్చి ఘాటులో పనిచేసి గొంతు నిజంగానే మారిపోయి ఉండొచ్చు, అప్పుడు తేడా పత్రానిదో గొంతుదో తెలియదు.

ఉన్నది ఉంచాలా, మార్చాలా, కొత్తది రాయాలా

ఉన్నది ఉంచాలనేవాళ్ల వాదనలో బలముంది. 2008లో ప్రచురితమైన ఒక పరిశోధన వీహెచ్‌ఐ ఐరోపా తర్జుమాలను అమెరికా మూలంతో పోల్చి, అవి ఒకదానికొకటి సమానంగానే పనిచేస్తున్నాయని తేల్చింది. హిందీతో సహా ఎన్నో భాషల్లో ఇదే పత్రం ఉంది. వరంగల్ ఫలితాన్ని ఢిల్లీ ఫలితం పక్కన పెట్టగలగడం చిన్న లాభం కాదు. ఒక్కో ఊరూ తన ప్రశ్నలు తాను రాసుకుంటే ఏ చికిత్స ఎక్కడ మేలు చేసిందో ఎవరూ చెప్పలేరు.

ఎదుటి పక్షం అడిగేది వేరు. ఐరోపా భాషల సమానత్వం నుంచి ఇంట్లో బీడీలు చుట్టే జీవితానికి ఎలా దూకుతారు? ఆ వాదనకూ ఉదాహరణలున్నాయి. 2001లో హాంకాంగ్ పరిశోధకులు ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త చట్రాన్ని పట్టుకుని, ఇబ్బంది వల్ల పని చేయలేకపోవడాన్ని, ఆ పనికి దూరంగా ఉండిపోవడాన్ని విడివిడిగా అడిగే 28 ప్రశ్నల పత్రం తెచ్చారు. భారతీయ రోగుల కోసం 'వాయిస్ డిజార్డర్ అవుట్‌కమ్ ప్రొఫైల్' 2010లో ప్రచురితమైంది. స్థానికంగా పుట్టిన పత్రం నప్పుతుంది, కానీ దానికి పోల్చుకునే బంధువులు తక్కువ.

మధ్య దారి, పది మూల వాక్యాలను కదపకుండా విడిగా స్కోరు వేసి, కింద నాలుగైదు స్థానిక ప్రశ్నలు చేర్చి వాటికి వేరే స్కోరు ఇవ్వడం. బీడీ కార్మికురాలి 11 అలాగే ఉంటుంది, పక్కన రెండో స్కోరు ఆమె కథ చెబుతుంది. నాకు ఇదే సబబు అనిపిస్తుంది. పత్రం పొడుగవుతుందనే ఫిర్యాదు నిజమే. రెండు స్కోర్లలో డాక్టరు ఒకటే చూస్తారన్న భయం ఇంకా నిజం.

కాగితం చదవలేని చోట

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత సుమారు 66.5 శాతం, మహిళల్లో 58. అంటే ఎవరికివారే నింపాల్సిన పత్రాన్ని చాలామందికి ఇంకొకరు చదివి వినిపించాలి. అక్కడే ఇంకో మార్పు చొరబడుతుంది. 'నా గొంతు వల్ల' అని నర్సు చదివితే, పెద్దామె "నీ గొంతుకేమైంది బిడ్డా?" అని అడుగుతుంది. వాక్యం 'మీ గొంతు వల్ల' అనే ప్రశ్నగా మారక తప్పదు. ఇక పక్కనే అత్తో భర్తో ఉంటే, 'ఇంట్లోవాళ్లు మీ గొంతుకు చిరాకు పడతారా?' అన్నదానికి కోడలు ఏం చెబుతుంది? కొన్నిసార్లు జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు.

రికార్డు చేసిన ఆడియో ఒక ఉపాయం. అందరికీ ఒకే గొంతు, ఒకే స్వరస్థాయి, ఇయర్‌ఫోన్ పెడితే పక్కవాళ్లకు వినపడదు, జవాబుకు బొమ్మ మీద వేలు పెడితే చాలు. మహబూబాబాద్ తండాల్లోని లంబాడీకి, ములుగు వైపు కోయకు, ఆదిలాబాద్ గోండీకి ఇదే ఆచరణలో అయ్యే దారి. కాగితం అచ్చేసినా ఆ భాషల్లో చదివేవాళ్లు తక్కువ. వరంగల్, నిజామాబాద్ ఉర్దూ మాట్లాడేవాళ్లలోనూ లిపి రానివాళ్లకు పనికొస్తుంది. అయితే ఆడియో రూపాన్ని కాగితం రూపంతో సమానమని ముందే అనుకోకూడదు. చదవగలిగిన కొందరికి రెండూ ఇచ్చి, స్కోర్లు ఎంత దగ్గరగా వస్తున్నాయో చూడాలి. అప్పటిదాకా ఆపరేషనుకు లేదా గొంతు థెరపీకి ముందు ఆడియోతో అడిగినవాళ్లను తర్వాత కూడా ఆడియోతోనే అడగాలి. వీలైతే ఇంట్లోవాళ్లను బయట కూర్చోబెట్టి.